కిరాయి బతికున్నోళ్లకే

పోయిన వారం మీరు నన్ను పరమేశ్వర్ ఇంటి గేటు ముందు వదిలేసి వెళ్లారు. ఇంకా అక్కడే ఉన్నాను. పక్కన నా భార్య విజయశ్రీ. ఆమె చంకలో తువ్వాలలో చుట్టిన మా అమ్మ ఫోటో. వెనక స్కూటర్‌కు స్టాండు వేస్తున్నవాడు మార్కండేయ. ఈ ఇంటి బేరానికి దలాల్, నాకు పాత దోస్తు.

మరిచిపోయినవాళ్ల కోసం మళ్లీ చెబుతాను. నాకేం, ఎన్నిసార్లయినా చెప్పగలను.

సూరత్ బమ్రోలిలో ఈ ఇంటి వెనక గదిలో ఒకప్పుడు మేం కిరాయికి ఉండేవాళ్లం. పరమేశ్వర్ ఖాతాలో, అంటే ఆయన మరమగ్గాల షెడ్డులో, నేను మగ్గాలు నడిపేవాణ్ణి. మార్కండేయ అక్కడే మా పని చూసే మాస్టర్. ఒక వానాకాలం మా అమ్మ నర్సవ్వ సివిల్ దవాఖానలో కన్నుమూసింది. "నేను ముంగట పోయి జాగ సాఫ్ చేపిస్త, మీరు అవ్వను తీసుకొని రాండ్రి" అని మార్కండేయ తన లూనా మీద వెళ్లాడు. మేం టెంపోలో శవంతో వచ్చేసరికి ఈ గేటుకు గొలుసు వేసి ఉంది. మార్కండేయ గేటు బయట తడుస్తూ ఏడుస్తున్నాడు. పరమేశ్వర్ లోపలి నుంచి వచ్చి, తాళం తీయకుండానే ఒక్క మాట అన్నాడు.

"కిరాయి బతికున్నోళ్లకు ఇచ్చినం. చచ్చినోళ్లకు గాదు."

మా అమ్మకు ఆఖరి స్నానం గల్లీలో జరిగింది. ఇంకా రంగెక్కని గ్రే బట్టను ఆడవాళ్లు నాలుగు పక్కలా పట్టుకుని నిలబడితే, పైనుంచి వాన, కింద మోరీ నీళ్లు. ఆ బట్ట ఒక కొస పట్టుకున్నది విజయశ్రీ. బట్ట నేనే నేసింది.

కాలం తిరిగింది. బమ్రోలి రోడ్డు మీద నా తెలుగు మెస్సు నిలదొక్కుకుంది. హజీరా కంపెనీల ఇంజనీర్లు కూడా మా పప్పు కోసం కారేసుకుని వస్తారు. పరమేశ్వర్ ఖాతాకు తాళం పడింది. ఆయన ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలిసిన రోజు విజయశ్రీ నాతో అన్న మాట ఇది: "నా పీనుగను ఆపెటోడు లేని గేటు గావాలె నాకు. గీ ఇల్లే కొను."

కొంటానన్నాను. సూరత్ పద్ధతిలో ఒకే పళ్లెంలోంచి గోళ్-ధాణా తిన్నాం. గోళ్-ధాణా అంటే బెల్లం, ధనియాలు. అది నోట్లో పడ్డాక మాట అయిపోయినట్టే, కాగితాలు తర్వాత. విజయశ్రీ కళ్లకద్దుకుని తిన్నది. నేను మాత్రం తిన్న వారం లోపలే వద్దని కబురు పంపాను. కారణం చెప్పలేదు. చెప్పకపోవడంలోనే దెబ్బ ఉంది. బెల్లం తిన్న నోటితో వద్దన్నాడంటే ఆ ఇంటికి ఏదో ఉందని ఊరు తనంతట తానే అనుకుంటుంది. కాగితాలు బ్యాంకులో ఇరుక్కున్నాయని ఒకడు, ఎవరో ఉరేసుకున్న ఇల్లని ఇంకొకడు. నన్ను అడిగినవాళ్లకు చాయ్ పోసి నవ్వేవాణ్ణి. ఆ తర్వాత ఒక్క గిరాకీ ఆ గేటు దాటలేదు.

ఆ ఆలోచన మార్కండేయది. "ఇప్పుడే కొనకు బిక్షపతీ. జర పండనియ్యి. కింద వడ్డంక ఏరుకుందువు" అన్నాడు.

పడింది. పరమేశ్వర్ తనే కబురు పెట్టాడు, మళ్లీ వచ్చి కూర్చోమని.

అదీ కథ. ఇప్పుడు గేటు తీస్తున్నాడు.

"రా, బిక్షపతి భాయ్. రామ్మా విజయా."

భాయ్! ఆయన ఖాతాలో ఉన్నన్నాళ్లూ నేను 'అరే బిక్ష్యా'ని. ఇంత బతుకు బతికితే గానీ ఆ నోట్లోంచి భాయ్ రాలేదు. నేను కదల్లేదు.

"రెండు రెక్కలు తెరువు" అన్నాను.

"ఒకటి జంగు వట్టింది భాయ్. ఏండ్ల సంది తీస్తలేం. ఇటుకెల్లి వచ్చెయ్ రాదు."

"టెంపో పట్టేటట్టు తెరువు."

ఆయన ఒకసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత రెండు చేతులతో ఆ తుప్పు రెక్కను పట్టి గుంజడం మొదలుపెట్టాడు. ముసలి ఒళ్లు. బనీను వీపుకు అంటుకుపోయింది. ఎదురింటి వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్న గుజరాతీ ఆమె ఊగడం ఆపి, "శూ థయుం, పరమేశ్‌భాయ్?" అని అరిచింది. ఏం లేదన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. సాయం పోబోయిన మార్కండేయ చెయ్యి పట్టుకుని నేను ఆపాను. గేటు రెక్క కీచుమంటూ నేలను గీరుకుంటూ తెరుచుకుంది. ఆ చప్పుడు నాకు సన్నాయిలా వినిపించింది. అబద్ధం చెప్పను.

లోపలికి వెళ్లాం.

ముందు గది సగం ఖాళీ. టీవీ ఉన్నచోట గోడ మీద తెల్లటి చదరం, దాని పైన ఒక మేకు. సోఫా లేదు, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. లోపలి గదికి పచ్చ పర్దా వేలాడుతోంది. దాని వెనక నుంచి డెట్టాల్ వాసన, మధ్యమధ్య ఒక దగ్గు. శారదాంబ, పరమేశ్వర్ భార్య. జబ్బుతో ఉందని విన్నాను. వినీ లెక్కచేయలేదు. మార్కండేయ తన కుర్చీని గుమ్మం పక్కకు జరుపుకుని, ఆ పర్దాకు వీపు పెట్టి కూర్చున్నాడు. షరతులు రాయడానికి తొడ మీద అట్ట, దాని మీద కాగితం, చెవి మీద పెన్ను.

పరమేశ్వర్ స్వయంగా స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చాడు. తాగలేదు. ఆ ఇంటి నీళ్లు తాగితే పగ ఎక్కడ చల్లబడుతుందోనని భయం. ఇంకో పళ్లెం కూడా ముందే తయారుగా పెట్టుకున్నాడు. సాసరు మూత కింద బెల్లం ముక్క, నాలుగు ధనియాలు.

"అది లోపట వెట్టు" అన్నాను. "మొన్న ముందుగాల బెల్లం తిన్నం, ఏమైందో సూస్తివి గద. ఇప్పుడు ముందు మాట, తర్వాత బెల్లం."

"నువ్వెట్లంటే అట్ల."

"మొదటి ధరల నాలుగో వంతు కొయ్యి."

మార్కండేయ పెన్ను తీశాడు. పరమేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"గంత కోస్తే నాకేం మిగుల్తది భాయ్?"

"గల్లీ మిగుల్తది."

విజయశ్రీ మోచేత్తో నన్ను పొడిచింది. నేను పట్టించుకోలేదు. ఆయన కోప్పడాలి, నా మొహాన నాలుగు మాటలు అనాలి, నేను లేచి పోతున్నట్టు నటించాలి, ఆయన గుమ్మం దాకా వచ్చి నన్ను బతిమాలాలి. వారమంతా మెస్సులో రొట్టెలు కాలుస్తూ ఈ నాటకం తయారు చేసుకున్నాను. ఆయన నేలకేసి చూసి, "సరే. కోసెయ్యి" అన్నాడు.

అంతే! నేను పదును పెట్టుకొచ్చిన జవాబులన్నీ నోట్లోనే పాచిపోయాయి.

"ఇంకోటి ఉంది" అన్నాను. విజయశ్రీ చంకలోంచి మూట తీసి తువ్వాల విప్పాను. "మా అవ్వ. నర్సవ్వ. గీ ఫోటో తీస్కొని గేటు బయటికి పో. మల్ల నీ రెండు చేతులతోని లోపటికి తీస్కరా. గల్లీ అంత సూడాలె."

మార్కండేయ తల వంచుకుని రాస్తూనే ఉన్నాడు. పరమేశ్వర్ ఫోటో అందుకున్నాడు. అందులో ఉన్న మనిషి ఎవరో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆయన గేటు దాటి, గల్లీలో సరిగ్గా మా అమ్మను పడుకోబెట్టిన మోరీ పక్కనే, తెలిసో తెలియకో నిలబడ్డాడు. కాలే నేల మీద కాళ్లు మార్చుకుంటూ ఫోటోను గుండెకు ఆనించుకుని వెనక్కి తిరిగాడు. కందికాయల ఆమె చేటను ఒళ్లోంచి దించి నోరు తెరుచుకుని చూస్తోంది. పక్కింటి మేడ మీద నుంచి ఇంకో రెండు తలకాయలు. ఆయన రెండు రెక్కలూ తెరిచిన గేటులోంచి, గడప మీదుగా మా అమ్మను లోపలికి తెచ్చాడు.

"ఏడ వెట్టాలె?"

విజయశ్రీ టీవీ మేకు చూపించింది. ఆయన కుర్చీ ఎక్కి తగిలించి, దిగి, చేతులు జోడించాడు. దండం పెట్టమని నేను అడగలేదు. అడగనిది ఇచ్చాడని నాకు ఇంకా మంట పుట్టింది.

"అయ్యిందా భాయ్?" అన్నాడు. "ఇగ నాదొక్క మాట ఉంది. వింటవా?"

వచ్చింది. ఇన్నిటికి ఒప్పుకున్నది దీనికోసమేనని అర్థమైంది. కుర్చీలో వెనక్కి వాలి కాలు మీద కాలు వేసుకున్నాను.

"చెప్పు."

"ఇల్లు నీ పేరు మీద చేస్త. రిజిస్ట్రీ ఎప్పుడంటే అప్పుడే. కాకపోతే గీ లోపటి అర్ర ఒక్కటి మాకు కిరాయికి ఇయ్యి. దవాఖానోళ్లు ఆమెను ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఇగ మేం చేసేదేం లేదన్నరు. పాండేసరల సూసిన, ఉధ్‌నాల సూసిన. ఆమె మంచం సూస్తనే 'ఇల్లు ఖాళీ లేదు' అంటున్నరు. గిసొంటి మనిషిని తీస్కొని పోతే ఎవలు కిరాయికి ఇస్తరు భాయ్?"

"ఎన్ని దినాలు?"

"ఆమె ఉన్నన్ని దినాలు."

"ఆ తర్వాత?"

ఆయన పర్దా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ తర్వాత ఒక్క పూట. బిడ్డ వచ్చేదాంక. స్నానం అది అయ్యేదాంక. ఇంట్ల ఉంచుకోనియ్యి. గంతే. మల్ల తాళం నీ చేతుల వెట్టి పోత."

నా రక్తం ఎట్లా ఉరికిందో మాటల్లో పెట్టలేను. దేవుడు అనేవాడుంటే, నా మెస్సు వెనక బెంచీ మీద కూర్చుని ఇన్నేళ్లు నాతోపాటు ఈ ఘడియ కోసమే ఎదురు చూశాడనిపించింది. లేచి నిలబడ్డాను. ఆ మాటను నేను ఎన్నో రాత్రులు నోట్లో నానబెట్టుకున్నాను. ఒక్కో ముక్క విడదీసి, ఆయన కళ్లలోకి చూస్తూ అన్నాను.

"కిరాయి బతికున్నోళ్లకు ఇస్త. చచ్చినోళ్లకు గాదు."

ఆయన మొహం మాడిపోతుందని చూశాను. మాడలేదు. చెవుడు వచ్చినవాడిలా మెడ ముందుకు చాపాడు.

"గదేం మాట భాయ్?"

"యాదికి లేదా?"

"ఏంది?"

"గా మాట! నువ్వన్న మాట! గీ గేటుకాడ, వానల, మా అవ్వ టెంపోల ఉంటే గొలుసు అవతల నిలవడి అన్న మాట!"

ఆయన నుదురు ముడిచాడు. నిజంగానే వెతుక్కుంటున్నాడు. పాత ఇనప సామాను డబ్బాలో చిన్న మేకు కోసం కెలికినట్టు వెతికి, చేతులు చాపాడు. "ఏమో భాయ్. గేటు తెరువలేదని యాది ఉంది. తప్పే. మాటైతే యాదికి లేదు. ఎంతమంది కిరాయోళ్లు వచ్చిండ్రు, పోయిండ్రు..."

ఆయన కాలర్ పట్టుకున్నాను. బనీనుకు కాలర్ ఎక్కడిది? గుడ్డ పిడికిట్లోకి వచ్చింది. నా బతుకంతా మోసిన మాట వీడికి గుర్తు లేదు! నన్ను చంపిన కత్తిని వీడు కూరగాయలకు వాడుకుని ఎక్కడో పారేశాడు. విజయశ్రీ నా చెయ్యి గుంజుతోంది, "ఇడువు, ముసలోడు, ఇడువు" అని. మార్కండేయ మాత్రం లేవలేదు. అది నేను తర్వాత ఆలోచించాను.

"ఆయన్నేం అడుగుతవ్ బిక్షపతీ?"

పర్దా వెనక నుంచి. గొంతు సన్నగా ఉంది గానీ వణకడం లేదు.

"ఆయనకు యాదికుండదు. ఆ మాట ఆయనది గాదు. ఇటు రాండ్రి."

గుడ్డ వదిలేశాను. పర్దా తీసింది విజయశ్రీ.

నాకు తెలిసిన శారదాంబ గేటు దగ్గర నిలబడితే గేటు చిన్నదిగా కనిపించేది. మంచం మీద ఉన్నది ఆమె కొంగంత మనిషి. జుట్టు కత్తిరించేశారు. రెండు చేతులకు బరువుగా ఉండే గాజుల చోట ఎర్ర దారం కట్టుకుంది. కళ్లు మాత్రం అవే. కిరాయి ఒక్క రోజు ఆలస్యమైతే మా గది గుమ్మంలో నిలబడి చూసే కళ్లు.

"కూసో విజయా" అన్నది. విజయశ్రీ కూర్చోలేదు.

"మా బిడ్డకు పసుపు వెట్టిన దినం అది. ఇంటి నిండ సుట్టాలు. పొయ్యి మీద నూనె కాగుతుండె. శవం వస్తున్నదని తెల్సింది. నేనే అన్న. 'కిరాయి బతికున్నోళ్లకు ఇచ్చినం, చచ్చినోళ్లకు గాదని చెప్పి రా పో' అన్న. ఆయన నా మాటను గేటు దాంక మోసి ఆడ పారేసి వచ్చిండు. నువ్వు ఏరుకొని గిన్నేండ్లు దాసుకున్నవ్."

గోడ అవతలి గల్లీలో మగ్గాలు కొట్టుకుంటున్నాయి. పరమేశ్వర్ నా వెనక నిలబడి, "ఎందుకే గిప్పుడు ఇదంత" అని గొణిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"మాఫీ అడుగుతున్నవా సేఠానమ్మా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"లేదు. అడుగ. నువ్వియ్యవు. నీ జాగల నేనున్నా ఇయ్యకపోదును." ఊపిరి తీసుకుంది. "కాకపోతే ఒక్కటి జెప్పు. నా తర్వాత ఈయన నీ గుమ్మం కాడ నిలవడి అడుక్కునుడు నాకు వద్దు. నేను ఉన్నప్పుడే తెగాలె. నన్ను ఏడ వెడ్తవ్? ఇంట్లనా, గల్లీలనా?"

మనిషి ఎవరైనా అక్కడ ఆగుతాడు. విజయశ్రీ నన్ను చూసిన చూపులో ఆ మాటే ఉంది. ముందు గది గోడ మీద మా అమ్మ కూడా చూస్తూ ఉండి ఉంటుంది. కానీ నాకు కనిపించింది వాన. గ్రే బట్ట తడిసి బరువెక్కి ఆడవాళ్ల చేతుల్లోంచి జారిపోవడం, దారిన పోయేవాళ్లు మా అమ్మ ఒంటిని చూడటం కనిపించింది.

"గల్లీల" అన్నాను.

పరమేశ్వర్ కుర్చీ కోసం తడుముకుని, దొరక్క, నేల మీద కూలబడ్డాడు. విజయశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది.

శారదాంబ తల ఊపింది. బేరం తెగినప్పుడు ఊపినట్టే.

"మంచిది. గిది వానకాలం గాదు. నేను తడువ."

నేను గెలిచాను. ఆ గదిలో నిలబడి, గెలిచిన మనిషికి లోపల ఏం తెలుస్తుందో అది తెలియడం కోసం ఎదురు చూశాను. ఏమీ రాలేదు.

"రాయ్ మార్కండేయా" అన్నది ఆమె, గొంతు పెంచి. "శవం గల్లీలనే ఉంచాలె అని రాయ్. నేను వేలిముద్ర ఏస్త. పర్దా సాటుకెందుకు? ఇటు రా, మొఖం సూస్కుంట రాయ్."

పర్దా అవతల కుర్చీ కిర్రుమంది, అంతే.

"రాడు" అన్నది, ఈసారి నాతో. "నీ దోస్తు గీ అర్ర గడప తొక్కి ఎన్నేండ్లు అయితున్నదో అడుగు. బిక్షపతీ, గిన్నేండ్ల సంది ఆలోచన జేసినవ్ గద, గీ ఒక్కటి ఎందుకు ఆలోచన జెయ్యలే? టెంపో గల్లీలకు రాకముందే గేటుకు గొలుసు ఎట్ల వడ్డది? మీ అవ్వ సివిల్‌ల పోయిందని, శవాన్ని గీడికే తెస్తున్నరని, నాకెవలు చెప్పిండ్రు? వానల లూనా ఏస్కొని ముంగటొచ్చి, 'లోపటికి రానిస్తే మీ బిడ్డ పెండ్లికి కీడు, గేటు ఏస్కోండ్రి' అన్నదెవలు? గొలుసు తన చేతులతోనే ఏసి, బయటికి పోయి నిలవడి, మీతోని కలిసి ఏడ్చినోడెవలు?"

జాగ సాఫ్ చేపిస్త అని ముందు వెళ్లినవాడు ఒక్కడే.

పర్దా మీద మార్కండేయ నీడ ఉంది. అట్ట నేల మీద పడిన చప్పుడు. తర్వాత గుమ్మం దగ్గర ఎవరో తొందరతొందరగా చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

ముందు కదిలింది విజయశ్రీ. పర్దాను ఒక్క గుంజు గుంజి, నేల మీద కూలబడ్డ పరమేశ్వర్‌ను దాటుకుంటూ, ఈ ఇంట్లో ఇంతవరకూ ఎత్తని గొంతుతో అరిచింది.

"లే సేఠ్! గేటుకు గొలుసెయ్యి!"